కుట్ర అనే మాట చాటున

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పని మానుకుని వచ్చి కూర్చున్నారు, సంతోషం.

అరబ్ దేశాల్లో కుట్ర సిద్ధాంతాల గురించి, పరాయి దేశాల మీద అక్కడి జనానికి ఉన్న అభిప్రాయాల గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల్లో చదివింది చెప్పే ముందు ఒక మనిషి గురించి చెప్తాను.

నేను కువైట్‌లో లెక్కలు రాసే ఉద్యోగం చేసిన రోజుల్లో మా కంపెనీ స్టోర్ చూసుకునే ఈజిప్టు పెద్దాయన ఒకరు ఉండేవారు. సొంతూరు అలెగ్జాండ్రియా. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్న గాజు గ్లాసులో నల్ల టీ, అందులో మూడు చెంచాల పంచదార. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కబుర్లు. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దోస్ కూడలిలో సద్దాం విగ్రహాన్ని పడగొడుతుంటే మేమంతా ఆఫీసు టీవీ ముందు నిలబడి చూశాం. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ‘ముఆమరా’ అన్నారు. కుట్ర అని అర్థం. ఆయన నోట ఆ మాట నేను రోజూ వినేవాణ్ణి. గోధుమ ధర పెరిగినా అదే, ఫుట్‌బాల్‌లో ఈజిప్టు ఓడినా అదే.

ఆ రోజు నాకు చిరాకేసింది. “ఉస్తాజ్, అన్నిటికీ అమెరికా పేరు, ఇజ్రాయెల్ పేరేనా? మీవాళ్ల తప్పు ఏదీ ఉండదా?” అన్నాను. ఆయన కోపగించుకోలేదు. నన్నాయన ‘సదీక్’ అనేవారు, స్నేహితుడా అని. గ్లాసు పక్కన పెట్టి, “సదీక్, మా ఊళ్లో రియో అని ఒక సినిమా హాలు ఉండేది. దాని సంగతి తెలుసా నీకు?” అని అడిగారు.

నాకు తెలియదు. మీలో చాలామందికీ తెలిసి ఉండదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1954 జులైలో ఒక సాయంత్రం ఆ రియో హాలు బయట ఒక కుర్రాడి జేబులోంచి ఉన్నట్టుండి పొగ, మంట లేచాయి. జేబులో పెట్టుకున్న చిన్న బాంబు హాల్లోకి చేరకముందే అంటుకుంది. పోలీసులు పట్టుకున్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. అంతకుముందే కైరోలో, అలెగ్జాండ్రియాలో అమెరికన్ లైబ్రరీల్లో చిన్న చిన్న బాంబులు పేలాయి. అవన్నీ పెట్టింది ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగం కూడగట్టిన కొందరు ఈజిప్టు యూదు యువకులు. నేరం ఈజిప్టువాళ్ల మీదికి పోవాలి, ఈ దేశంలో శాంతి భద్రతలు లేవని పశ్చిమ దేశాలు భయపడాలి, సూయజ్ నుంచి బ్రిటిష్ సైన్యం వెళ్లిపోకుండా ఆగాలి. పథకం అది. ఇద్దరిని 1955లో ఉరి తీశారు. మాకేం సంబంధం లేదని ఇజ్రాయెల్ ఏళ్ల తరబడి చెప్పింది. చివరికి 2005లో ఆ దేశాధ్యక్షుడే, ఆ ముఠాలో బతికున్నవాళ్లను పిలిచి సత్కరించాడు.

“మా నాన్న నన్ను ఆ హాలుకు తీసుకెళ్లేవాడు,” అన్నారు పెద్దాయన. “మా ఊళ్లో మేమే బాంబులు పెట్టుకుంటున్నామని లోకం నమ్మాలని ఎవరో వేరే దేశంలో కూర్చుని పథకం వేశారు. ఇది కథ కాదు, జరిగింది. ఇప్పుడు చెప్పు, నేను అనుమానించడం తప్పా?”

నేనేం చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే చదివాను.

అరబ్బుల అనుమానం ఊరికే పుట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు తీసుకోండి. అప్పట్లో అరబ్ నేలను ఏలుతున్న తుర్కుల మీద తిరగబడితే స్వతంత్ర రాజ్యం ఇస్తామని కైరోలోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహాన్ మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్‌కు ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాల సిరా ఆరకముందే 1916లో సైక్స్ అనే ఇంగ్లిష్ అధికారి, పికో అనే ఫ్రెంచి అధికారి ఆ నేలనే రెండు దేశాలకు పంచుతూ రహస్యంగా గీతలు గీశారు. 1917 నవంబర్‌లో బాల్ఫోర్ ప్రకటన వచ్చింది, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం అని. ఒకే ప్లాటును ముగ్గురికి రిజిస్ట్రేషన్ చేస్తే కొన్నవాళ్లు ఏమవుతారో మనకు బాగా తెలుసు. అరబ్బులకు ఆ రహస్య పత్రం సంగతి ఎలా తెలిసిందంటే, రష్యాలో అధికారానికి వచ్చిన బోల్షెవిక్కులు జారు కాలపు ఫైళ్లలో దొరికిన ఆ ఒప్పందాన్ని అదే నవంబర్‌లో పత్రికల్లో అచ్చేశారు. తమ నేల పంపకం గురించి జనం పేపర్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది.

1956 ఇంకా ఘోరం. జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబర్‌లో పారిస్ పక్కనున్న సేవ్ర్ అనే చోట ఒక ఇంట్లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు గుట్టుగా కూర్చున్నారు. ముందు ఇజ్రాయెల్ దాడి చేస్తుంది, తర్వాత మిగతా ఇద్దరూ పోట్లాట ఆపే పెద్దమనుషుల్లా దిగి కాలువను చేతిలోకి తీసుకుంటారు. అదీ ఒప్పందం. 24న సంతకాలయ్యాయి, 29న దాడి మొదలైంది. కాగితం మీద సంతకాలు పడ్డాయని తెలిసి బ్రిటిష్ ప్రధాని ఈడెన్ కంగారుపడ్డాడు. ఉన్న ప్రతులన్నీ వెనక్కి తెప్పించి నాశనం చేయాలని చూశాడు. ఇజ్రాయెల్ తన ప్రతిని ఇవ్వలేదు కాబట్టి అది మిగిలింది. డిసెంబర్ 20న అదే ఈడెన్ పార్లమెంటులో నిలబడి, ఇజ్రాయెల్ దాడి చేస్తుందని మాకు ముందు తెలియదు అన్నాడు.

ఇక 2003 ఫిబ్రవరి 5. అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయని బొమ్మలు చూపించి చెప్పాడు. యుద్ధం అయింది, దేశం నాశనమైంది, ఆయుధ నిల్వలు దొరకలేదు. అమెరికానే పంపిన పరిశోధక బృందం 2004లో ఆ సంగతి ఒప్పుకుంది.

పాముకాటు తిన్నవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు అంటారు మనవాళ్లు. ఇది విన్నాక పెద్దాయన మాటే రైటు అనిపిస్తుంది. నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది.

కానీ నేను చెప్పిన అసలు కుట్రలను ఇంకోసారి చూడండి. అలెగ్జాండ్రియాలో బాంబు పెట్టేవాడి జేబులోనే అంటుకుంది. సైక్స్-పికో కాగితం ఏడాదిన్నర తిరిగేసరికి పేపర్లోకి ఎక్కింది. సూయజ్ పథకాన్ని ఆపింది ఎవరో కాదు, అమెరికా. ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పౌండు మీద ఒత్తిడి తెస్తే బ్రిటన్ దిగొచ్చింది, ఈడెన్ పదవి పోయింది. నిజమైన కుట్రలు మనుషులు చేసేవి కాబట్టి వాటిలో తప్పులు దొర్లుతాయి, వాటాదారులు కొట్టుకుంటారు, కాగితాలు మిగిలిపోతాయి. జనం నోట తిరిగే కుట్ర అలా ఉండదు. అది ఎప్పుడూ ఓడిపోదు, దానికి కాగితం అక్కర్లేదు, దాని వెనకున్నవాడికి అన్నీ తెలుసు. ఈ రెండో రకం కుట్ర ఎవరికి పనికొస్తుంది అని అడగడం మొదలుపెట్టాక నాకు దారి దొరికింది.

1967 జూన్ 5. ఇజ్రాయెల్‌తో యుద్ధం మొదలైన కొన్ని గంటల్లోనే ఈజిప్టు విమానాలు చాలావరకు నేల మీదే కాలిపోయాయి. కైరో నుంచి ‘సౌత్ అల్ అరబ్’ రేడియోలో అహ్మద్ సయీద్ గొంతు మాత్రం శత్రు విమానాలు పదుల సంఖ్యలో కూలుతున్నాయని చెప్తూనే ఉంది. మొరాకో నుంచి ఇరాక్ దాకా జనం ఆ గొంతును నమ్మారు. ఓటమి దాచలేని స్థితి వచ్చేసరికి నాసర్, జోర్డాన్ రాజు హుసేన్ ఫోన్లో మాట్లాడుకున్నారు. మనల్ని కొట్టింది ఇజ్రాయెల్ ఒక్కటే కాదు, అమెరికా, బ్రిటన్ విమానాలు కూడా అని ప్రకటిద్దామా అనుకున్నారు. ప్రకటించారు కూడా. ఆ ఫోన్ మాటలను ఇజ్రాయెల్ చాటుగా రికార్డు చేసి, జూన్ 8న లోకానికి వినిపించింది. అప్పటికే జనం రాయబార కార్యాలయాల మీదికి వెళ్లారు, కొన్ని అరబ్ దేశాలు అమెరికాతో సంబంధాలు తెంచుకున్నాయి, చమురు ఆపేశాయి. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట చిన్నది ఇక్కడ. వేలమంది సైనికులు సీనాయ్ ఎడారిలో చనిపోయారు. ఎవరి నిర్లక్ష్యం వల్ల చనిపోయారో వాళ్ల తల్లులు అడగకుండా ఆ అబద్ధం అడ్డుపడింది.

అరబ్బులు ఇదంతా గుడ్డిగా నమ్మారని అనుకోకండి. 1968లోనే లెబనాన్ రాజధాని బీరూట్‌లో సాదిక్ జలాల్ అల్ అజ్మ్ అనే సిరియా తత్వవేత్త ఆ ఓటమి మీద ఒక పుస్తకం రాశాడు. ఓటమిని ‘నక్బా’ (విపత్తు), ‘నక్సా’ (ఎదురుదెబ్బ) లాంటి మాటలతో పిలుచుకోవడమే బాధ్యత తప్పించుకోవడం అన్నాడు. విపత్తు అంటే ఎవరి తప్పూ కాదు కదా, తుఫాను వచ్చినట్టు. ఆ మాట ఆ రోజుల్లో అనడానికి ఎంత గుండె కావాలో ఊహించండి.

ఇప్పుడు యెమెన్ సంగతి. నేను చెప్పదలుచుకున్నదంతా ఒక్క మనిషిలో కనిపిస్తుంది కాబట్టి దీని మీద కాసేపు ఆగుతాను.

2009 డిసెంబర్ 17న దక్షిణ యెమెన్‌లో అబ్యన్ ప్రాంతంలో, అల్ మాజలా అనే పల్లె దగ్గర క్షిపణి పడింది. అల్‌ఖైదా శిబిరాన్ని మా వైమానిక దళం ధ్వంసం చేసిందని ప్రభుత్వం ప్రకటించింది. ఒక యెమెన్ విలేఖరి అక్కడికి వెళ్లి చూశాడు. అమెరికా గుర్తులున్న క్షిపణి ముక్కలు దొరికాయి. యెమెన్ పార్లమెంటు విచారణ సంఘం లెక్క ప్రకారం చనిపోయిన సామాన్యులు 41 మంది. వాళ్లలో 14 మంది ఆడవాళ్లు, 21 మంది పిల్లలు. పల్లెవాళ్లు “ఇది అమెరికా బాంబు” అంటే వాళ్లను నమ్మొద్దని చెప్పింది సొంత ప్రభుత్వమే. ఆ విలేఖరి తర్వాత జైలుకు పోయాడు.

2010 చివర్లో, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ ద్వారా అమెరికా రాయబార కార్యాలయ పత్రం ఒకటి బయటికి వచ్చింది. అదే ఏడాది జనవరిలో యెమెన్ అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్, అమెరికా సేనాని పెట్రేయస్‌తో మాట్లాడిన మాటలు అందులో ఉన్నాయి. బాంబులు మీవి కాదు మావే అని చెప్తూనే ఉంటాం అన్నాడు సాలెహ్. పక్కనున్న ఉపప్రధాని, పార్లమెంటుకు నేను అదే అబద్ధం చెప్పొచ్చాను అన్నట్టు నవ్వుతూ మాట్లాడాడు.

కొన్ని నెలలు గడిచాయి. 2011 మార్చి 1. యెమెన్ రాజధాని సనా వీధుల్లో జనం సాలెహ్ దిగిపోవాలని కూర్చున్నారు. అదే సాలెహ్ సనా విశ్వవిద్యాలయంలో నిలబడి, అరబ్ దేశాల్లో ఈ గొడవలన్నీ నడిపే గది టెల్ అవీవ్‌లో ఉంది, దాన్ని నడిపేది వైట్‌హౌస్ అన్నాడు. మర్నాడే అమెరికాకు ఫోన్ చేసి, నా మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని విచారం చెప్పుకున్నాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికా నిజంగా బాంబు వేసిన రోజున, అమెరికా వేయలేదన్నాడు. సొంత జనం సొంతంగా లేచిన రోజున, అమెరికా లేపింది అన్నాడు. నిజమైన రహస్యాన్ని దాచిన చేతే లేని రహస్యాన్ని కల్పించింది. అల్ మాజలా తల్లిదండ్రులకు నిజం దక్కలేదు, సనా కుర్రవాళ్లకు తమ కోపం తమదే అని చెప్పుకునే హక్కు దక్కలేదు. కుట్ర సిద్ధాంతాలను మూఢనమ్మకాల పద్దులో రాసేసి, చదువు పెరిగితే పోతాయి అనేవాళ్లతో నేను ఒప్పుకోను. సనాలో నమ్మినవాళ్లకు చదువు తక్కువై కాదు. నిజం చెప్పాల్సిన కుర్చీ వాళ్లకు రెండుసార్లూ అబద్ధమే చెప్పింది.

అరబ్ దేశాల్లో జనం పాలకుల మీద తిరగబడ్డ ఆ ఏడాది అంతటా ఇదే. లిబియాలో పాలకుడు గడాఫీ, కుర్రాళ్ల కాఫీలో ఎవరో మత్తు బిళ్లలు కలిపారన్నాడు. సిరియాలో దరా పట్టణంలో బడి పిల్లలు గోడ మీద నినాదం రాస్తే పట్టుకెళ్లి హింసించారు, జనం రోడ్డెక్కారు. మార్చి 30న అప్పటి అధ్యక్షుడు బషర్ అల్ అసద్ పార్లమెంటులో మాట్లాడుతూ దీన్ని కుట్ర అన్నాడు. పిల్లలను ఎవరు కొట్టారన్న ప్రశ్న ఆ మాట కింద పడి నలిగిపోయింది.

కైరోలో తహ్రీర్ చౌక్‌లో నిరసనకు కూర్చున్నవాళ్లకు విదేశీయులు యూరోలు ఇస్తున్నారనీ, కెంటకీ భోజనం పెడుతున్నారనీ టీవీలు చెప్పాయి. కెంటకీ అంటే మన కేఎఫ్‌సీ. అప్పటికి మా పెద్దాయన ఉద్యోగం మానేసి అలెగ్జాండ్రియా వెళ్లిపోయారు. క్షేమం కనుక్కుందామని ఫోన్ చేశాను. ఆయన చిన్న కూతురు రోజూ అల్ ఖాయిద్ ఇబ్రహీం మసీదు ముందు జరిగే నిరసనకు వెళ్తోందట. “నా భార్య పొద్దున్నే రొట్టె, జున్ను మూట కట్టి ఇస్తోంది సదీక్. ఆ మూట నేనే చూస్తున్నాను. టీవీలో కెంటకీ అంటున్నారు,” అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇన్నేళ్లు వాళ్ల మాట నేనూ అన్నాను కదా,” అన్నారు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

2012 జూన్‌లో ఈజిప్టు టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది. కాఫీ హోటల్లోకి ఒక విదేశీయుడు వస్తాడు, పక్క బల్ల దగ్గర కుర్రవాళ్లతో మాట కలుపుతాడు. వాళ్లు దేశంలో కష్టాలు చెప్పుకుంటారు, అతను చెవులు రిక్కించి వింటాడు. విదేశీయులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త, మాటకు విలువ ఉంది అని హెచ్చరిక. విమర్శలొచ్చాక తీసేశారు. 2013లో ఖెనా దగ్గర ఒంటికి యంత్రమున్న కొంగ ఒకటి దొరికితే గూఢచారేమోనని పోలీసుల దగ్గరికి తెచ్చారు. పక్షుల వలస తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కట్టిన యంత్రం అది. ఇలాంటివి చెప్పి అరబ్బులను చూసి నవ్వడం విదేశీ పత్రికలకు అలవాటు. నాకది నచ్చదు. రెండేళ్ల ముందు సౌదీలో ఇలాగే టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పట్టీ ఉన్న రాబందు దొరికినప్పుడు, అది గూఢచారి కాదు, పరిశోధన పక్షి, వదిలేస్తాం అని చెప్పింది ఆ దేశ వన్యప్రాణి శాఖ చూసే సౌదీ రాకుమారుడే. ఆ మాట మాత్రం పెద్దగా ప్రచారం కాలేదు.

అదే 2013లో ఈజిప్టు అధ్యక్షుడు మోర్సీ ప్రభుత్వం కూలినప్పుడు, ఆయన సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ వాళ్లు ఇది అమెరికా చేయించిన పని అన్నారు. వాళ్ల ప్రత్యర్థులేమో బ్రదర్‌హుడ్‌ను పెంచింది అమెరికానే అని అమెరికా రాయబారి ఆన్ ప్యాటర్సన్ ఫొటోలకు ఎర్రగీతలు కొట్టి ఊరేగించారు. రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూడలేనివాళ్లు ఆ ఒక్క విషయంలో ఒకేలా మాట్లాడారు. మన దేశంలో కూడా ఇందిరాగాంధీ రోజుల్లో ‘విదేశీ హస్తం’ అన్న మాట మన పేపర్లలో ఎంత తిరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడి అంత లోతుకు ఇక్కడ దిగలేదు. అడిగే పేపర్లు, దించే ఓట్లు మనకు ఉండబట్టి అనుకుంటాను.

ఒక తేడా మాత్రం గట్టిగా చెప్పాలి. అమెరికా మీద కోపమూ కుట్ర సిద్ధాంతమూ ఒకటి కావు. 2023 శరదృతువులో ట్యునీషియాలో అరబ్ బారోమీటర్ సంస్థ సుమారు 2,400 మందిని ప్రశ్నలు అడుగుతోంది. సగం మందిని అడగడం అయ్యేసరికి ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన అక్టోబర్ 7 దాడి, వెంటనే గాజా మీద యుద్ధం వచ్చాయి. అంతకుముందు అమెరికా అంటే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు నూటికి 40 మంది. మూడు వారాల్లో అది 10కి పడిపోయింది. ఈ జనం పుట్టుకతో అమెరికా ద్వేషులైతే ముందు ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్లు చూసినదాన్ని బట్టి మనసు మార్చుకున్నారు. అది వివేకమే. అదే సెప్టెంబర్ 11 దాడుల విషయం చూడండి, 2011 ప్యూ సర్వేలో ఈజిప్టువాళ్లు నూటికి 75 మంది ఆ దాడి చేసింది అరబ్బులు కాదన్నారు. నేనే చేయించానని బిన్ లాడెన్ 2004లో వీడియోలో చెప్పుకున్నా సరే. అది నాకు బాధ కలిగించే అంకె.

అంతకంటే బాధ పెట్టేది ‘జియోను పెద్దల ప్రోటోకాల్స్’ అనే రాతల కట్ట. లోకాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి యూదులు వేసుకున్న పథకమంటూ 1903లో రష్యాలో అచ్చయిన నకిలీ అది. 1921లోనే లండన్ టైమ్స్ విలేఖరి అది వేరే ఫ్రెంచి పుస్తకం నుంచి ఎత్తి రాసిందని పక్కపక్కన పెట్టి చూపించాడు. అయినా అరబీలోకి మళ్లీ మళ్లీ వచ్చింది, 1988 హమాస్ పత్రంలో కూడా చోటు దొరికించుకుంది. ఒక ప్రభుత్వం చేసిన పనిని నిలదీయడం వేరు, ఒక జాతి మొత్తాన్ని లోకానికి శత్రువు అనడం వేరు. ఐరోపాలో పుట్టిన ఈ విషాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు పాలస్తీనాకు ఇసుమంత మేలు చేయలేదు. న్యాయమైన ఫిర్యాదును ఎదుటివాళ్లు తోసిపుచ్చడానికి సాకు మాత్రం ఇచ్చారు.

చివరగా బీరూట్. 2020 ఆగస్టు 4 సాయంత్రం ఆరు దాటాక రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, లక్షల మందికి ఇళ్లు లేకుండా పోయాయి. గంటల్లోనే ఫోన్లలో ఒక వీడియో తిరిగింది, ఆకాశం నుంచి క్షిపణి దిగుతున్నట్టు. అది ఎవరో కంప్యూటర్లో అతికించిన క్షిపణి. మూడో రోజు అప్పటి లెబనాన్ అధ్యక్షుడు మిషెల్ ఔన్ కూడా, రాకెట్టో బాంబో, బయటివాళ్ల ప్రమేయం ఉండే అవకాశం ఉందన్నాడు.

ఆ సరుకు 2013లో రోసస్ అనే పాత ఓడలో వచ్చింది. రేవులో 12వ నంబరు గోదాములో ఏళ్ల తరబడి ఉంది. దీన్ని ఏం చేయమంటారు అని కస్టమ్స్ అధికారులు 2014 నుంచి 2017 దాకా కోర్టుకు ఆరు ఉత్తరాలు రాశారు. సంచులు మాత్రం కదల్లేదు. విచారణకు పెట్టిన మొదటి జడ్జిని తప్పించారు. రెండో జడ్జి తారెక్ బిటార్ పెద్దవాళ్లను పిలిస్తే, ఆయన మీదే కేసు పెట్టారు.

చనిపోయినవాళ్ల కుటుంబాలు నెలనెలా 4వ తేదీన ఫొటోలు పట్టుకుని రేవు దగ్గరికి వచ్చి నిలబడేవి. వాళ్లు క్షిపణి గురించి అడగలేదు. ఆ ఉత్తరాలు ఎవరి బల్ల మీద ఆగాయో అడిగారు. పేలుడు జరిగిన కొద్ది రోజులకే, కూలిన ధాన్యపు గోదాములు ఎదురుగా కనపడే హైవే గోడ మీద ఎవరో ఒక్క వాక్యం రాశారు: “ఈ పని చేసింది నా ప్రభుత్వమే.”